నన్నారి షర్బత్‌ను మందు చేయకండి

మా కర్నూల్లో ఎండలు ముదిరే కొద్దీ నన్నారి షర్బత్ బండ్లతో పాటు వాటి మీద ఫ్లెక్సీలూ పెరుగుతున్నాయి. పోయిన వేసవిలో కాలేజీకి పోయే దారిలో ఒక బండి మీద కొత్తది వెలిసింది. పైన మంచుకొండల బొమ్మ. నల్లమల అడవిలో తవ్వే నన్నారి వేరుకు మంచుకొండలతో ఏం సంబంధమో ఆ డిజైన్ చేసినాయనకే తెలియాలి. దాని కింద వరసగా షుగరు, బీపీ, కిడ్నీలో రాళ్లు, అల్సరు, చర్మరోగాలు, క్యాన్సరు. అన్నిటికీ కలిపి అడుగున ఎర్రక్షరాల్లో ‘శాస్త్రీయంగా నిరూపించబడినది’ అని ముద్ర.

బండాయన నాకు తెలిసినోడే. “ఇది ఎవరు రాయించినారప్పా?” అని అడిగితే, “సిరప్పు ఏసేవాళ్లే ఇచ్చిపోయినారు సార్, కేసు బాటిళ్లు తీసుకుంటే ఫ్లెక్సీ ఫ్రీ” అన్నాడు. నిమ్మకాయ పిండుతూ, గొంతు తగ్గించి, “క్యాన్సరు సంగతి నాకేం తెలుసు సార్, తాగితే సల్లగా ఉంటాది, అంతే” అని కూడా అన్నాడు. ఆ రెండో మాటే ఫ్లెక్సీ మీద ఉండుంటే నేనీ పోస్టు రాసేవాణ్ణి కాదు.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ణి. ‘సైన్సు నిరూపించింది’ అంటే ఏది, ఎక్కడ, ఎంత మోతాదులో అని అడగకుండా ఉండలేను. దొరికిన పేపర్లు చదివి, వేరు తవ్వేవాళ్లతో, అమ్మేవాళ్లతో మాట్లాడి చివరికి ఒక అభిప్రాయానికొచ్చాను. నన్నారి గొప్ప వేరు. కానీ దాన్ని మందని అమ్మడం వల్ల తాగేవాడికి మేలు లేదు, తవ్వేవాడికి మేలు లేదు, ఆ తీగకైతే కీడే. బాగుపడేది బాటిలు మీద లేబులు అతికించేవాడొక్కడే.

ఏ వేరు?

మన బజార్లో నన్నారి పేరుతో అమ్ముడయ్యేవి రెండు మొక్కల వేళ్లు. ఒకటి సుగంధిపాల. గట్ల మీదా కంపల్లోనూ పాకే సన్నతీగ, వేరు కూడా సన్నగానే ఉంటుంది. రెండోది మన కొండల్లో బండల సందుల్లో ఊరే మారేడు గడ్డ. బర్రె సుగంధి అనీ అంటారు. దీని వేళ్లు కండపట్టి, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పచ్చి ముక్క నమిలితే ముందు తియ్యగా ఉండి, కాసేపటికి నాలుక చురచురలాడుతుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డెకాలెపిస్ హామిల్టోనీ. నల్లమల, వెలిగొండలు, పాలకొండలు, శేషాచలం దాని ఇలాకా. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మన సీమ షర్బత్‌కు ఎక్కువగా పోయేది ఈ గడ్డే. వేరు లావు, కండ ఎక్కువ, దంచేవాడికి పని సులువు.

‘చరకుడు చెప్పిన శారిబ’ అని బాటిళ్ల మీద రాస్తారు చూడండి, అక్కడ ఈ తేడా అవసరపడుతుంది. ఆయుర్వేద వైద్యులు శారిబగా ఎక్కువమంది గుర్తించేది సుగంధిపాలను. మారేడు గడ్డ దానికి బదులుగా వాడుకలోకి వచ్చింది. అంటే పుస్తకాల్లో ఒక మొక్కకున్న పేరుప్రతిష్ఠలు ఇంకో మొక్క సీసా మీదికి ఎక్కాయి. రెండూ ఒకే వాసన కొడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఒకే అణువు, ఒకే వాసన

మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లో మారేడు గడ్డల్ని ఆవిరి పట్టి నూనె తీసి విడగొట్టి చూస్తే, అందులో 96 శాతం ఒకే పదార్థం. 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీ బెంజాల్డిహైడ్. సుగంధిపాల నూనెలోనూ పెద్దపీట దీనిదే. కెన్యా, ఉగాండా జనం నమిలే మోండియా అనే పాలతీగ వేరులోనూ ఇదే ఉంది. ఇన్ని వేల మైళ్ల దూరంలో ఒకే అణువు!

ఒకే ఫార్ములా ఉండి అమరిక మాత్రం మారే అణువుల్ని ఐసోమర్లంటారు. ఆ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఐస్‌క్రీములో వేసే వెనిలిన్‌కు ఫార్ములా రాయమంటే పిల్లలు టకటకా రాస్తారు. ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. నన్నారి అణువు ఫార్ములా కూడా అచ్చం అదే. బెంజీన్ వలయం ఒకటే, దానికి తగిలించిన గుంపులూ అవే: ఆల్డిహైడ్, హైడ్రాక్సిల్, మీథాక్సీ. మారిందల్లా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే. వెనిలిన్‌లో హైడ్రాక్సిల్ ఆల్డిహైడ్‌కు సరిగ్గా ఎదురుగా, వలయానికి అవతలి కొసన ఉంటుంది. నన్నారిలో ఆల్డిహైడ్‌కు ఆనుకునే ఉంటుంది. ఆనుకుని ఉండటంతో ఆ రెండూ తమలో తామే హైడ్రోజన్ బంధం వేసుకుని పక్క అణువుల జోలికి పోవు. వెనిలిన్ అణువులు అలా కాదు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే వెనిలిన్ కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. నన్నారి అణువు 41, 43 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది.

మే నెలలో కర్నూల్లో ఎంత కాస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ల్యాబుల కోసం ఈ పదార్థాన్ని శుద్ధి చేసి సీసాల్లో అమ్ముతారు. ఆ సీసా మా స్టాఫ్‌రూం బీరువాలో పెడితే పొద్దున గడ్డకట్టిన పలుకులుగా ఉండి, మధ్యాహ్నానికి కరిగి కూర్చుంటుంది. అంత సులువుగా కరిగి, అంత సులువుగా ఆవిరయ్యేది కాబట్టే గడ్డల మూట విప్పితే ఇల్లంతా గుప్పుమంటుంది.

ఈ గుణం మా జేజికి ఫార్ములా లేకుండానే తెలుసు. గడ్డల్ని మన్ను పోయేదాకా కడిగి, రోకలితో మరీ మెత్తగా కాకుండా నలగ్గొట్టేది. నలిగినాక కండ ఒకవైపు, మధ్యలోని చెక్కనార ఒకవైపు విడిపోతాయి. నార ఏరి పారేసి, కండను నీడన ఆరబెట్టి డబ్బాకెత్తేది. ఎండాకాలంలో దాని మీద కాగిన నీళ్లు పోసి, మూతపెట్టి, తెల్లారేదాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. పాకం వేరేగా పట్టి, చల్లారినాక ఈ నీళ్లు వడగట్టి కలిపేది. మూత లేకుండా గడ్డల్ని పొయ్యి మీద తెర్లించే కోడలెవరైనా కనబడితే, “వాసనంతా వీధికి పంపిస్తాండావు కదమ్మీ” అనేది. ల్యాబులో ఆవిరి పట్టి నూనె తీసేదీ ఇదే గుణం చూసుకుని. మూత తీసిన గిన్నె దగ్గర జరిగేదీ అదే, కాకపోతే పట్టుకునేవాళ్లుండరు.

ఇక ఆ వేరు చేసే పనులు. 1999లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఆఫ్రికా మందుమొక్కల్ని పరిశీలిస్తూ, ఈ వాసన అణువే టైరోసినేజ్ అనే ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుందని కనిపెట్టారు. కోసిన వంకాయ నల్లబడేదీ, మన చర్మానికి రంగొచ్చేదీ ఈ కోవ ఎంజైముల వల్లే. అదే ఏడు మైసూరు వాళ్లు మారేడు గడ్డ సారం నిలవ ధాన్యానికి పురుగు పట్టకుండా కాపాడుతుందని చూపించారు. జొన్నల్లో వేపాకు కలిపిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

2012లో మైసూరు నుంచే ఇంకో పేపరొచ్చింది. ఈసారి వాసన అణువు కాదు, డెకాలిసైడ్లు అనే చక్కెర జాతి అణువులు. ఈగలాంటి పురుగులకు రుచి కాళ్లతో కూడా తెలుస్తుంది. డెకాలిసైడ్ ఆ కాళ్ల మీది రుచి కేంద్రాల దగ్గరే దెబ్బకొట్టి, కణాల్లో సోడియం పంపు అనే యంత్రాంగాన్ని ఆపేస్తుంది. పురుగు పడిపోతుంది. మరి మనం ఆ గడ్డ తింటే? మన జీర్ణరసాల్లోని ఎంజైములు ఆ చక్కెర బంధాన్ని తుంచేస్తాయి కాబట్టి మనకు హాని లేదని వాళ్ల వివరణ. నన్నడిగితే ఈ వేరు మీద జరిగిన పరిశోధనల్లో చదవడానికి ముచ్చటగా ఉండేది ఇదే. ఫ్లెక్సీ మీద మాత్రం ఇది కనబడదు. పురుగుల మందని రాస్తే షర్బత్ ఎవడు తాగుతాడు!

ఎలుకకు పెట్టింది షర్బత్ కాదు

నన్నారిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయనే మాట అబద్ధం కాదు. గడ్డను నీళ్లలో నానబెట్టి తీసిన సారంలో 4-హైడ్రాక్సీ ఐసోఫ్తాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం వగైరాలను మైసూరు వాళ్లే పట్టుకున్నారు. కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో కాలేయం దెబ్బతీసిన ఎలుకలకు ముందే ఈ సారం పెట్టి ఉంచితే దెబ్బ తగ్గిందని చూపించారు. పనిమంతులు చేసిన మంచి పనే.

అయితే ఎలుకకు పట్టించింది షర్బత్ కాదు. సారం తీసి, ఎండబెట్టి, కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని తూచి పెట్టిన మోతాదు. మన బండి మీది గ్లాసులో వేరు సారం ఎంతుందో బండాయనకూ తెలియదు, బాటిలు నింపినవాడికీ తెలియదు. క్యాన్సర్ మాట కూడా ఇంతే. గాజు పళ్లెంలో కణాలు చచ్చాయని ఒక పేపరొస్తే అది వాట్సాప్‌లో ‘క్యాన్సర్ మాయం’ అవుతుంది. గాజు పళ్లెంలో కణాల్ని చంపడానికి చిక్కటి ఉప్పునీళ్లు కూడా చాలు. ఫ్లెక్సీలవాళ్లు ఆధారంగా చూపించే పేపర్లన్నీ ఆ పళ్లెం దగ్గరో ఎలుక బోను దగ్గరో ఆగిపోయేవే. అక్కడి నుంచి మనిషి దాకా ఉన్న దారినంతా ఎర్రక్షరాలతో దూకేశారు.

దీనివల్ల నష్టమేముంది, తాగితే తాగనీ అనొచ్చు. కడపలో మా మేనమామ ఉన్నాడు. షుగరొచ్చి చాలా ఏళ్లయింది. కాఫీలో చక్కెర మానేసిన మనిషి, వేసవి పొడుగునా సాయంత్రం వాకింగ్ అయినాక ఏడు రోడ్ల దగ్గర నన్నారి సోడా తాగుతున్నాడని అత్త చెప్పింది. “అది చక్కెర పాకం కదా మామా” అంటే, “చక్కెర ఉంటే ఏమైతాది అల్లుడూ, ఆ వేరు దాన్ని కోసేస్తాది. బోర్డు మీద రాసిందే నేను తాగుతాండేది” అన్నాడు. సిరప్పు పాడుగాకుండా నిలవుండాలంటే అందులో 65 శాతం దాకా చక్కెరే ఉండాలి. ఆ ఏడాది మూణ్ణెల్ల సగటు చూసే టెస్టులో మామ అంకె పైకి పోయింది. షర్బత్ ఒక్కదాని వల్లే అని నేననను, మామిడిపళ్ల కాలం కూడా అదే. కానీ మామిడిపండు తినేటప్పుడు ఆయన దొంగచాటుగా తింటాడు. షర్బత్ మాత్రం ధీమాగా తాగాడు. ఆ ధీమా ఇచ్చింది ఫ్లెక్సీయే.

మన దేశంలో 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని దానికో పట్టిక కూడా ఉంది. షుగరు, క్యాన్సరు, బీపీ, కిడ్నీలో రాళ్లు, అన్నీ ఆ పట్టికలో ఉన్నవే. ఫ్లెక్సీ రాసినాయన చట్టం పుస్తకం ముందేసుకుని ఎత్తి రాసినట్టుంది! అలాగని షర్బత్ బండి మీదికి పోలీసుల్ని పంపాలని నేననను. ఫ్లెక్సీ ఫ్రీగా పంచినవాడు బండి దగ్గర ఉండడు కదా.

ఇక్కడ నాకే ఒక చిక్కుంది. బండాయన ‘సల్లగా ఉంటాది’ అన్నాడు, మా జేజి ‘ఒంటికి చలవ’ అనేది. అది కూడా మందు మాటే కదా, దాన్నెందుకు వదిలేస్తున్నావని అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. చల్లటి నీళ్లు, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, చక్కెర కలిపి ఎండన పడి వచ్చినవాడికిస్తే ప్రాణం లేచొస్తుంది. అందులో నన్నారి వంతెంతో తేల్చడం కష్టం. కానీ ఆ మాట నమ్మి ఎవరూ మాత్ర మానేయరు. గీత గీయాల్సి వస్తే నేను అక్కడ గీస్తాను.

సర్పగంధి సంగతి

అనంతపురంలో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడొకడున్నాడు. ఈ వాదన చెబితే ఒప్పుకోలేదు. “నువ్వు ఇట్లనే అంటాండు. రేపు ఆ వేరులోంచే ఒక మందు వస్తే ఏం చేస్తావు? సర్పగంధి వేరును కూడా నాటువైద్యమనే తీసిపారేసిరి” అన్నాడు.

మంచి పాయింటే, అందుకే దాని మీదే నాలుగు ముక్కలు చెబుతాను. సర్పగంధి వేరు బీపీని తగ్గిస్తుందని మన వైద్యులు 1931 నుంచే రాస్తున్నారు. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల మీద చూసిన ఫలితాల్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్లో అచ్చేశాకే పడమటి దేశాలు కళ్లు తెరిచాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వాళ్లు అందులోంచి రిసర్పిన్ అనే అణువును విడదీశారు. మోతాదు కట్టారు, మనుషుల మీద చూశారు. కొందరికి దిగులు జబ్బు వస్తోందని కూడా అప్పుడే బయటపడింది. నిజంగా పనిచేసే మందుకు నిజంగా పనిచేసే చెడుగుణం కూడా ఉంటుంది. నన్నారి బాటిలు మీద మాత్రం ఏ జబ్బుకైనా పనిచేస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. ఆ ఒక్క ముక్కతోనే అది మందు కాదని తెలిసిపోవట్లేదూ?

ఆ కథకు రెండో భాగం ఉంది, మా మిత్రుడు చెప్పనిది. వేరుకు మందని పేరొచ్చినాక అడవుల్లో సర్పగంధిని ఎగబడి తవ్వారు. 1990లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే సైటీస్ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఆకు మందైతే ఆకు కోస్తారు, కాయ మందైతే కాయ తెంపుతారు. వేరు మందైతే మొక్క మిగలదు. నన్నారి నిజంగా మందే అయితే మనం ఇంకా ఎక్కువ భయపడాలి.

సీసాలో ఉన్నదేమిటో

కెమిస్ట్రీ వాణ్ణి కాబట్టి ఇది దాచను: నన్నారి వాసనకు అసలు వేరు అక్కర్లేదు. ఆ అణువును రిసార్సినాల్ అనే రసాయనం నుంచి మొదలుపెట్టి ఫ్యాక్టరీలో తయారు చేయొచ్చు. కిరాణా కొట్టులో నన్నారి ఎసెన్సు చిన్న సీసాల్లో దొరుకుతుంది. చక్కెర పాకంలో నాలుగు చుక్కలేసి, మాడ్చిన చక్కెరతో రంగు కడితే షర్బత్ తయారు. వేరు నీళ్లతో చేసినదానికి చివర్న కొంచెం వగరు తగులుతుంది, ఎసెన్సుదానికి తగలదు. సోడా, ఐసు, నిమ్మకాయ పడినాక ఆ తేడా పట్టేవాళ్లు వందకొకరుంటారేమో.

ఎసెన్సు షర్బత్ పాపమని నేననుకోను. ప్రపంచంలో వాడే వెనిలిన్‌లో అసలు వెనిలా కాయ నుంచి వచ్చేది ఒక్క శాతం కూడా ఉండదు. 1874లోనే జర్మన్లు దాన్ని ల్యాబులో చేసేశారు. అయినా వెనిలా ఐస్‌క్రీము తినేవాడు మోసపోయానని ఏడవడు, ఎందుకంటే దాన్ని ఎవరూ కాలేయానికి మందని అమ్మలేదు. మరోవైపు అసలు కాయ వేసిన ఐస్‌క్రీముకు ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లూ ఉన్నారు, వాళ్లకూ జబ్బుల పట్టిక అక్కర్లేదు.

నన్నారికి వచ్చేసరికి ఎసెన్సు సీసా కూడా వేరు బొమ్మ వేసుకుని, ఎలుకల పేపర్ల పుణ్యం మోస్తుంది. వాసన ఒక అణువుది, కాలేయం సంగతి ఇంకో అణువులది. ఎసెన్సులో ఆ రెండో రకం అణువులే ఉండవు. కాబట్టి మందని నమ్మి తాగేవాడు ఎసెన్సు తాగితే అతని లెక్క ప్రకారమే మోసపోయినట్టు. రుచికని తాగేవాడికి ఆ బాధ లేదు. ఒకప్పుడు సుగంధిపాలకూ ఇలాగే జరిగింది. 1864లో బ్రిటిష్ ఫార్మకోపియాలోకి, అంటే వాళ్ల అధికారిక మందుల పుస్తకంలోకి ఎక్కింది, తర్వాత జారిపోయింది. రక్తాన్ని శుద్ధి చేస్తుందన్న కబుర్లు పోయాయి గానీ షర్బత్ పోలేదు.

కొండ మీద

ఆత్మకూరు వైపు పోయినప్పుడు (ఇప్పుడది నంద్యాల జిల్లా, మా నోటికి మాత్రం ఇంకా కర్నూలే) ఒక చెంచు పెద్దామెతో మాట్లాడాను. గునపం భుజానేసుకుని పోతోంది. గడ్డల కోసమా అవ్వా అంటే ఆగింది. “ముందు తీగ చూస్తే సాలు సామీ, కింద ఇంతింత గడ్డలుండె” అని ముంజేయి చూపించింది. “ఇప్పుడు ఏలంత ఉండంగానే పీకుతాండారు. మేము తల ఇడిసిపెట్టి పక్క గడ్డలు తీస్తాం, మళ్లా పట్టుకుంటాది. లారీలోళ్లకు మనుషుల్ని తోలేటోళ్లు తల సుద్దా పెల్లగిస్తారు.”

‘తల’ అంటే వేళ్ల గుత్తి పైన తీగ మొలిచే బుడిపె. అది వదిలేసి, కొన్ని వేళ్లు ఉంచి మన్ను కప్పితే తీగ మళ్లీ చిగురిస్తుంది. మొత్తం లాగేస్తే అంతే సంగతి. గింజల దాకా అయినా ఆగితే కాయలు పగిలి, నూగు తగిలించుకున్న గింజలు గాలికెగిరి ఎక్కడో బండ సందున పడతాయి. షర్బత్ కాలానికి సరుకు అందాలన్న తొందర దానికీ ఆగనివ్వదు. ఈ మొక్క ఇప్పుడు ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఉంది, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న వాటి కింద.

షర్బత్‌కు గిరాకీ ఎండాకాలం నాలుగు నెలలు. ఆ తర్వాత కొండ ఊపిరి పీల్చుకునేది. మందని పేరొచ్చాక పొడులు, క్యాప్సూళ్లు, ఆన్‌లైన్ ప్యాకెట్లు మొదలయ్యాయి. వాటికి కాలంతో పని లేదు. ‘ఔషధ గుణాలున్నాయని తెలిస్తే జనం ఆ మొక్కను కాపాడుకుంటారు’ అని నాతో వాదించినవాళ్లున్నారు. ఇది వినడానికి బాగుంటుంది. సర్పగంధి విషయంలో అలా జరగలేదు, నల్లమలలో కూడా జరుగుతున్నట్టు నాకు కనబడలేదు.

పోనీ అందరం షర్బత్ మానేద్దామా? అప్పుడు గునపం పట్టుకున్న ఆ పెద్దామె సంగతేంటి? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు వాళ్లదే. గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బత్ అమ్ముతోంది కూడా. అడవి గడ్డ కొనాల్సి వస్తే అలాంటి దారిన, తల వదిలి తవ్వేవాళ్ల దగ్గర, తగిన ధరకు కొనడం మేలు. మొత్తం మానేయడం నాకు ఇష్టం లేదు. అడవి మీద భారం తగ్గాలంటే మాత్రం మిగిలింది ఒకటే, పొలంలో పెంచడం.

తోట గడ్డకు రేటెవరు కట్టాలి

మా చిన్నాన్న కొడుకు పాలకొండల కింద నిమ్మతోట కంచె పొడుగునా మారేడు తీగలు పెట్టాడు. ఏడాదిలో చేతికొచ్చే పంట కాదు. గింజ మొలిచి, తీగ పాకి, గడ్డ ఊరేదాకా కొన్నేళ్లు కాచుకోవాలి. కంచె కాబట్టి సరిపోయింది గానీ చేను మొత్తం పెట్టమంటే ఎవరూ పెట్టరు. నాలుగు గడ్డలు తవ్వి వ్యాపారికి చూపిస్తే, వాడు ముక్కు దగ్గర పెట్టుకుని, “కొండ గడ్డకున్న వాసన దీనికి లేదన్నా” అని రేటు కోసేశాడు. నిజంగా లేదో, రేటు కొయ్యడానికి అన్నాడో ఎవరు చెప్పాలి?

కెమిస్ట్రీ చెప్పాలి. ఈ వేరు విషయంలో రసాయన శాస్త్రం నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి పాలకు రేటు కట్టినట్టు, గడ్డకు ఆ ఆల్డిహైడ్ శాతం చూసి కట్టొచ్చు. ఆవిరి పట్టి నూనె తీసి తూచడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. డిగ్రీ కాలేజీ ల్యాబులో చేసే పనే. ఎన్నేళ్ల గడ్డలో ఎంతుంది, ఎర్రనేలలో ఎంత, గరపనేలలో ఎంత, నీడన ఆరబెడితే ఎంత మిగులుతుంది, ఎండన ఆరబెడితే ఎంత పోతుంది, ఇవి తేలితే రైతుకు బేరమాడేందుకు చేతిలో ఒక అంకె ఉంటుంది. సిరప్పు చేసేవాడు కూడా లీటరుకు ఇంత వేరు వాడానని రాసుకోవచ్చు. రాయలేనివాడు ఎసెన్సని రాసుకుంటాడు, తక్కువకు అమ్ముకుంటాడు. ఎవరి దారి వారిది.

తమ్ముడితో ఇదంతా చెబితే తలూపి, “శాతం ఎక్కువొస్తే సరే అన్నా, తక్కువొస్తే ఆ యాపారి మాటే నిజమని మనమే రాసిచ్చినట్టు కాదా?” అన్నాడు. కాదని చెప్పలేకపోయాను. సంక్రాంతి పోయినాక తవ్వేటప్పుడు కంచె గడ్డలు కొన్ని, ఆత్మకూరు నుంచి కొండ గడ్డలు కొన్ని తెప్పించి రెండూ ఒకేసారి టెస్టుకిద్దామనుకున్నాం. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.